రీస్టార్ట్ వద్దన్న వదిన

ఆ ఇంటి ఆడపడుచుని అందరూ మైకు అని పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది ఆఫీసు కార్డు మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. వంటింట్లో నిలబడి "ఉప్పు డబ్బా ఏదీ?" అని ఆమె అడిగితే కింది వాటావాళ్ళు తమ అలమరలో వెతకడం మొదలుపెట్టేవారు. అంత గొంతు. దాన్ని ఇంట్లో భరించినవాళ్ళ సంగతి అలా ఉంచండి, అంబులెన్సుల కాల్ సెంటర్లో మాత్రం ఆ గొంతు బంగారం. అవతలి మనిషి కాళ్ళూ చేతులూ ఆడక ఏడుస్తుంటే, "ఏడుపు తరవాత, ముందు వీధి పేరు చెప్పండి, నేనెక్కడికీ పోను" అని గదమాయించి నిలబెట్టేది. ఏళ్ళ తరబడి ఆ కుర్చీలో కూర్చుంది. ఆమె చేతి మీదుగా వెళ్ళిన బళ్ళకి లెక్కలేదు.

అలాంటి మనిషిని ఆ కుర్చీలోంచి లేపేశారు.

జరిగింది చెప్తాను. ఒకావిడ ఫోన్ చేసింది. తండ్రికి గుండెల్లో నొప్పి, ఒళ్ళంతా చెమటలు. మైకు చిరునామా తీసుకుంది, "తలుపు తీసి ఉంచండి, బండి వస్తోంది" అంది, తెర మీద 'పంపు' అనే బటన్ నొక్కింది, పక్కన పచ్చ టిక్కు వచ్చింది, ఇంకో కాల్ అందుకుంది. బండి మాత్రం వెళ్ళలేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి నిలబడి మళ్ళీ ఫోన్ చేస్తే అది వేరే ఆపరేటర్‌కి తగిలింది, అప్పుడు వెళ్ళింది. పెద్దాయన ప్రాణం దక్కింది, అదే పదివేలు. కానీ ఆ ఆలస్యానికి గుండె బాగా దెబ్బతిని ఇంకా ఆస్పత్రి మంచం మీదే ఉన్నారు. మర్నాడు ఆ కూతురు ఆఫీసుకు ఫోన్ చేసి, మొదట మాట్లాడిన ఆపరేటర్ని పిలవమని అడిగి మరీ మైకుని కడిగి పారేసింది. "బండి వస్తోందని ఏ నోటితో చెప్పావు?" అంది.

సూపర్‌వైజర్ తర్కం సూటిగా ఉంది. "పంపితేనే టిక్కు వస్తుంది. బండికి కబురు అందలేదు. అంటే టిక్కు రాలేదు. అంటే మీరు నొక్కలేదు," అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, తొందర మనిషి. విచారణ అయ్యేదాకా ఫోన్ల జోలికి రావద్దని చెప్పి ఆమెని పక్కగదిలో పాత కాగితాలు సర్దే పనికి పెట్టాడు.

కుర్చీ పోవడం ఒక ఎత్తు. మొదట్లో "నొక్కాను, నా కళ్ళతో చూశాను" అని ఇల్లు ఎగరగొట్టిన మైకు, వారం తిరిగేసరికి మెత్తబడిపోయింది. నిజంగా నొక్కిందా? రోజూ కొన్ని వందల సార్లు చేసే పని. ఆ రోజు నొక్కింది గుర్తుందా, లేక అంతకుముందు రోజు నొక్కింది గుర్తొస్తోందా? ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. తన చేతి మీద తనకే నమ్మకం పోతే, ఇంక ఏ ఫోన్ ఎత్తి ఎవరికి "వస్తోంది" అని ధైర్యంగా చెప్పగలదు? ఆమెని లోపల్లోపల తినేస్తున్న సంగతి అది. అన్నం దగ్గర కూడా మాట్లాడటం మానేసింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే హాయిగా ఉంటుందనుకున్న అన్నయ్య, మూడోనాటికే "ఏదో ఒకటి అరవవే, భయమేస్తోంది" అన్నాడు.

వదిన పనిచేసేదీ ఆ సంస్థలోనే, పై అంతస్తులో. ఆపరేటర్ నొక్కిన బటన్ కబురుని బండి దాకా చేర్చే ప్రోగ్రామ్ ఉంది చూశారూ, దాన్ని రాసే జట్టుకి ఆమే పెద్ద. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే బస్సు, కానీ స్వభావాలు ఉప్పూ నిప్పూ. వదిన నోట్లోంచి ఒక మాట రావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు గ్యాసు కట్టేసిందీ లేనిదీ చూస్తుంది, కుళాయి చూస్తుంది, తాళం వేస్తుంది, లాగి చూస్తుంది, రెండు మెట్లు దిగి మళ్ళీ ఎక్కి లాగి చూస్తుంది. "తాళం పడిందమ్మా తల్లీ, కావాలంటే ప్రమాణం చేస్తాను, బస్సు పోతోంది!" అని కింద నుంచి మైకు అరిచేది. అన్నయ్య ఈవిడలో ఏం చూసి మురిసిపోయాడో అని ఆమె అనుకోని రోజు లేదు. విచారణ రోజున కూడా అలాగే అనుకుంటూ బస్సెక్కింది.

విచారణకి వేరే ఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చింది. పెద్దావిడ, తల పండింది, కంప్యూటర్ల సంగతి తనకి తెలియదని రాగానే చెప్పేసింది. "నాకు అర్థమయ్యేలా చెప్పాలి, అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను, విసుక్కోకూడదు," అంది. పక్కన సూపర్‌వైజర్. ఇంకో పక్క సర్వర్ల తాళాలు చూసే నెట్‌వర్క్ ఆయన, బిస్కెట్ పొట్లం ముందు పెట్టుకుని. గోడ మీద పెద్ద తెర. మైకుని మూల కుర్చీలో కూర్చోబెట్టి, చూడొచ్చు గానీ, అడిగినదానికి తప్ప నోరు మెదపకూడదన్నారు. మైకుకి అంతకంటే పెద్ద శిక్ష ఇంకోటి లేదు.

ప్రోగ్రామ్ సంగతి చెప్పడానికి పిలిపించిన వదిన లేచి నిలబడింది. "ఆ మూలన కూర్చున్నది మా ఆడపడుచు. ఈ వ్యవహారంలో నేను కీబోర్డు ముట్టుకోను. నేను చెప్తాను, ఈ నెట్‌వర్క్ ఆయన టైపు చేస్తారు, చేసింది పైకి చదువుతారు. దానివల్ల ఏమవుతుందో నేను మీకు చెప్తాను. మీరు సరే అన్నాకే ఎంటర్ నొక్కుతారు."

"ఇలా అయితే సాయంత్రం అవుతుంది," అన్నాడు సూపర్‌వైజర్.

"అవనివ్వండి," అంది పెద్దావిడ.

పెద్దావిడ ముందు మైకుని అడగాల్సినవి అడిగింది. ఎవరు ఫోన్ చేశారు, ఏం చెప్పారు, బటన్ ఎప్పుడు నొక్కావు. మైకు పొల్లుపోకుండా చెప్పింది. చెప్తూనే ఉంది గానీ గొంతులో పాత జోరు లేదు.

"టిక్కు వచ్చిందంటున్నావు. నొక్కగానే వచ్చిందా, కాస్త ఆగి వచ్చిందా?"

"నొక్కగానేనండి. రెప్ప వెయ్యకముందే వచ్చింది."

వదిన చేతిలో ఉన్న నీళ్ళ సీసా మూత తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. మైకు ఒక్కతే చూసింది అది. వదినకి కూడా నా మాట మీద అనుమానం వచ్చిందన్నమాట, అనుకుంది.

"ప్రోగ్రామ్ తను చేసే ప్రతి పనినీ ఒక వరసలో రాసుకుంటూ పోతుందండీ, దాన్ని లాగ్ అంటాం," వదిన మొదలుపెట్టింది. "నొక్కారా లేదా అన్నది అందులో ఉంటుంది. అడుగుదాం." నెట్‌వర్క్ ఆయన టైపు చేశాడు, పైకి చదివాడు, పెద్దావిడ సరేనంది, ఎంటర్ కొట్టాడు.

తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. "లాగ్ తేవడం కుదరలేదు అంటోందండీ. సర్టిఫికెట్ గడువు తీరిందట," అన్నాడాయన.

"దీనికింత బాధెందుకు? రీస్టార్ట్ చేసెయ్యండి," అన్నాడు సూపర్‌వైజర్. ఏ యంత్రం ఏ జబ్బుతో మూలిగినా ఆయన దగ్గర ఒకటే మందు. అందరికీ అలవాటైన మందే అది, పనిచేస్తుంది కూడా. "ఆ డబ్బా తీసేస్తే కొత్త డబ్బా దానంతటదే వస్తుంది. మీరే కదా మేడమ్ ఈ ఏర్పాటు గొప్పగా చెప్పారు?"

"ఏం డబ్బా?" అంది పెద్దావిడ.

వదిన చెప్పిన తీరు మైకు ఎప్పటికీ మర్చిపోదు. ఇంట్లో ఆచితూచి మాట్లాడే మనిషి ఇక్కడ చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పుకుపోయింది. ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే ఒక డబ్బాలో పెట్టి నడుపుతారు. అలాంటి డబ్బాలు చాలా ఉంటాయి, వాటిని ఏ సర్వర్‌లో పెట్టాలో, ఎన్ని నడవాలో చూసుకోవడానికి పైన ఒక మేనేజరు ఉంటాడు, వాడూ ప్రోగ్రామే. ఒక్కో సర్వర్‌కి ఒక్కో కాపలావాడు, వాడూ ప్రోగ్రామే. లాగ్ కావాలంటే మనం మేనేజరుని అడుగుతాం, మేనేజరు కాపలావాణ్ణి అడుగుతాడు, కాపలావాడు లోపలి నుంచి తెచ్చి ఇస్తాడు. "ఇప్పుడేమైందంటే, ఆ కాపలావాడి గుర్తింపు కార్డు గడువు తీరిపోయింది. వాడు తన పని తను చేస్తూనే ఉన్నాడు. కానీ వాడు తెచ్చింది మేనేజరు తీసుకోవడం లేదు. లాగ్ ఎక్కడికీ పోలేదు, లోపల భద్రంగా ఉంది."

"మరి ఆ డబ్బా తీసేసి కొత్తది పెడితే?"

"కొత్తది చక్కగా నడుస్తుంది. ఎర్ర అక్షరాలు పోతాయి. పాత డబ్బాతో పాటు దాని లాగ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఇంక ఎవరూ ఏమీ తేల్చలేరు."

"లాగ్‌లన్నీ ఇంకెక్కడా దాచలేదా?"

"ఒక పెద్ద నిల్వ ఉంటే బాగుంటుందని అడిగామండీ. ఆ ఫైలు ఇంకా పై అధికారుల బల్ల మీదే ఉంది," అంది వదిన. పెద్దావిడ సూపర్‌వైజర్ వైపు చూసింది. సూపర్‌వైజర్ పైకప్పు వైపు చూశాడు.

అయినా ఆయన వదల్లేదు. ఆయన బాధా ఆయనది, పాపం. ఆ డబ్బా ఇంకా కాల్స్ తీసుకుంటూనే ఉంది, అనుమానం ఉన్నదాన్ని నడవనిస్తే రేపు ఇంకో బండి ఆగిపోతే ఎవరు జవాబు చెప్తారు? "రీస్టార్ట్ చేస్తే గొడవ వదిలిపోతుంది కదా మేడమ్. మీరు ఊఁ అంటే చాలు."

వదిన సీసా మూత తీసింది. నీళ్ళు తాగింది. తరవాత, "మీకు కొత్త డబ్బా కావాలి. మాకు పాత డబ్బా కావాలి. రెండూ కుదురుతాయి," అంది. ప్రతి డబ్బాకీ మెడలో ఒక చీటీ ఉంటుందిట. ఆ చీటీ చూసే మేనేజరు అది తన లెక్కలో ఉందనుకుంటాడు, కాల్స్ దానికి పంపిస్తాడు. చీటీ మార్చేస్తే ఇది తన డబ్బా కాదనుకుని, ఒకటి తగ్గిందని వెంటనే కొత్తది పెట్టేస్తాడు. పాతదాన్ని ముట్టుకోడు. అది ఎవరికీ అక్కర్లేకుండా, చెక్కుచెదరకుండా, ఉన్నచోటే ఉంటుంది.

నెట్‌వర్క్ ఆయన బిస్కెట్ నోటి దగ్గరే ఆపేశాడు. "ఇన్నాళ్ళుగా చేస్తున్నాను, నాకు తట్టలేదు చూశారా!" అన్నాడు మనస్ఫూర్తిగా. టైపు చేశాడు, చదివాడు, పెద్దావిడ సరేనంది. తెర మీద కొత్త డబ్బా లేచింది, కాల్స్ దాని మీదికి మళ్ళాయి. పాతది పక్కన మౌనంగా నిలబడింది. సూపర్‌వైజర్ ఊపిరి పీల్చుకున్నాడు. మైకుకి చప్పట్లు కొట్టాలనిపించింది. నోరు మెదపకూడదన్నారు గానీ చేతుల సంగతి ఎవరూ చెప్పలేదు కదా అని కూడా అనుకుంది, కానీ ధైర్యం చాల్లేదు.

ఇక కాపలావాడి కార్డు. వెతికితే ఏం తేలిందంటే, వాడు కొత్త కార్డు కోసం ఎప్పుడో దరఖాస్తు పెట్టుకున్నాడు, అది ఆమోదం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. "ఎవరు ఆమోదించాలి?" అని అడిగింది పెద్దావిడ. కాసేపటికి నెట్‌వర్క్ ఆయన చెయ్యెత్తాడు. "నేనేనండి. ఆ మధ్య సెలవులో ఉన్నాను. వచ్చాక చూడలేదు." బిస్కెట్ పొట్లం కాస్త దూరంగా జరిపాడు.

ఆమోదించాడు. మళ్ళీ అడిగారు. ఈసారి తెర నిండా తెల్లటి అక్షరాలు జలజలా రాలాయి. మైకు కుర్చీలోంచి సగం లేచింది. ఎన్నాళ్ళకి! తీరా చూస్తే ఆ వరసలన్నీ విచారణ రోజు పొద్దుటివే. దానికి ముందువి ఒక్కటీ లేవు.

"అయితే పోయినట్టే కదా," అన్నాడు సూపర్‌వైజర్. వెటకారంగా కాదు, జాలిగానే అన్నాడు. మైకు కూలబడింది. గాలి తీసేసినట్టయింది మనిషికి. ఇంక జన్మలో తెలియదు. నొక్కానో లేదో తెలియకుండానే ముసలిదాన్నయిపోతాను, అనుకుంది.

వదిన మటుకు కంగారుపడలేదు. "లాగ్ ఒక పరిమాణం దాటగానే దాన్ని మడిచి పక్కన పెట్టి కొత్తది మొదలుపెడతాడు కాపలావాడు. మేనేజరుని అడిగితే తాజాది ఒక్కటే ఇస్తాడు. మడిచిపెట్టినవి సర్వర్ లోపలే ఉంటాయి. అయితే అన్నీ ఉండవు, కొన్నే ఉంచి బాగా పాతదాన్ని పారేస్తుంటాడు. లోపలికి వెళ్ళి చూడాలి."

సర్వర్ లోపలికి వెళ్ళారు. ఆ ఫోల్డర్ తెరిచారు. మడిచిపెట్టిన ఫైళ్ళు కనిపించాయి, కొద్దిగానే. నెట్‌వర్క్ ఆయన తేదీలు చదువుతున్నాడు. ఒక్కొక్కటీ చదువుతుంటే మైకు కుర్చీ అంచుకి జరిగింది. చిట్టచివరిది, అంటే ఇక పారెయ్యబోయేది, పెద్దాయనకి నొప్పి వచ్చిన రోజుది. ఈ పూట చీటీ మార్చకుండా కాల్స్ వెళ్ళనిచ్చి ఉంటే సాయంత్రానికి అదీ పోయేదే.

"తెరుస్తున్నాను," అన్నాడాయన ఆత్రంగా.

"ఆగండి!" వదిన గొంతు హెచ్చింది. ఆమె గొంతు హెచ్చడం మైకు ఇదే వినడం. "ముందు కాపీ తియ్యండి. ఇంకో చోట పెట్టండి. రెండూ ఒకటేనా అని సరిచూడండి. ఆ తరవాత కాపీ తెరవండి. అసలుది ముట్టుకోవద్దు."

కాపీ తీశారు. సరిచూశారు. వదిన మళ్ళీ సరిచూడమంది. మళ్ళీ సరిచూశారు. రోజూ మెట్ల మీద తాళం లాగే ఆ మనిషిని చూసి ఇన్నాళ్ళూ పళ్ళు నూరిన మైకుకి, ఇప్పుడు కావాలంటే మూడోసారి కూడా చూడు వదినా, నేను ఇక్కడే కూర్చుంటాను అనిపించింది. ఒక మనిషి బతుకు ఎవరి చేతిలోనైనా పెట్టాలంటే ఇలాంటి చేతిలోనే పెట్టాలి. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి ఇన్నేళ్ళు పట్టిందేం నాకు, అని తనని తనే తిట్టుకుంది.

ఆ కాల్ నంబరు పెట్టి వెతికారు. నాలుగైదు వరసలు తేలాయి. పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని, "నిదానంగా చదవండి," అంది.

నెట్‌వర్క్ ఆయన చదివాడు. "ఆపరేటర్ పంపు బటన్ నొక్కారు."

అంతే. మైకు రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. నొక్కాను! నా చెయ్యి అబద్ధం చెప్పలేదు, నా కళ్ళు అబద్ధం చెప్పలేదు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు కూడా. ఆయన ఇంకా చదువుతూనే ఉన్నాడు.

"తెరకు పచ్చ టిక్కు పంపడమైంది. బండికి కబురు పంపే ప్రయత్నం, విఫలం. మళ్ళీ ప్రయత్నం, విఫలం. మళ్ళీ ప్రయత్నం, విఫలం." అక్కడ ఆగాడు. చివరి వరస చదివేటప్పుడు ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. "వదిలివేయడమైనది."

పెద్దావిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"వదిలివేయడమేమిటి? ఇదేమన్నా పార్సెలా వదిలెయ్యడానికి?" సూపర్‌వైజర్‌కి నిజంగానే కోపం వచ్చింది. "ఎవరు రాశారు ఇది?"

"నేను," అంది వదిన.

మైకు మొహం మీంచి చేతులు తీసింది.

"టిక్కు మొదట్లో బండికి కబురు అందాకే వచ్చేది," వదిన పెద్దావిడ వైపు తిరిగి చెప్పింది. "దానికి కాస్త టైము పట్టేది. ఆలస్యమవుతోందని ఆపరేటర్లు అన్నారు. నేను టిక్కుని ముందుకు జరిపాను. మూడుసార్లు ప్రయత్నిస్తే ఎప్పుడూ అందుతుందిలే అనుకున్నాను. అందకపోతే ఆపరేటర్‌కి గంట కొట్టాలి. ఆ గంట పెట్టలేదు. లాగ్‌లో ఒక వరస రాసి ఊరుకున్నాను. ఆ రోజు నెట్‌వర్క్ కాసేపు పడిపోయినట్టుంది, మూడూ పోయాయి."

ఆలస్యమవుతోందని గోల పెట్టిన ఆపరేటర్లలో అందరికంటే పెద్ద గొంతు ఎవరిదో వేరే చెప్పాలా? భోజనాల దగ్గర కూర్చుని "మీ టిక్కు నత్తలా పాకుతోంది వదినా" అని నెలల తరబడి దెప్పింది తనే. ఇక ఆగలేకపోయింది. "మేమే అడిగామండీ! తొందరగా రావాలని మేమే పీకల మీద కూర్చున్నాం! ఆవిడ తప్పేం లేదు!" కిటికీ అద్దాలు అదిరాయి.

"మీరు తొందరగా కావాలన్నారు," అంది వదిన. "అబద్ధం కావాలని అడగలేదు."

సూపర్‌వైజర్ చల్లబడ్డాడు. "సరే మేడమ్, సాంకేతిక లోపం అని రాసేద్దాం. ఆపరేటర్ తప్పు లేదని తేలిందిగా. పేర్లెందుకు?" అన్నాడు. మంచికే అన్నాడు.

"పేరు రాయండి. లోపం దానంతటదే పుట్టలేదు."

పెద్దావిడ చాలాసేపు వదిననే చూసింది. "అమ్మా, ఒకటి అడుగుతాను. ఈ తప్పు నీదేనని నీకు ఎప్పుడు తెలిసింది? ఇప్పుడేనా?"

వదిన ఒక్క క్షణం తటపటాయించింది. "రెప్ప వెయ్యకముందే టిక్కు వచ్చిందని మా ఆడపడుచు చెప్పినప్పుడు అర్థమైందండీ. టిక్కు వచ్చింది, కబురు మాత్రం మూడుసార్లూ పోయి ఉంటుందని. రుజువు మాత్రం ఇప్పుడే చూశాను."

ఆ మాట మైకులోకి దిగడానికి కాస్త సమయం పట్టింది. అది విచారణ మొదట్లో. అంటే, రీస్టార్ట్ చెయ్యమని సూపర్‌వైజర్ బతిమాలినప్పుడల్లా ఈవిడకి తెలుసు. మీరు ఊఁ అంటే చాలు, అన్నాడు ఆయన. ఊఁ అని ఉంటే? గదిలో ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. యంత్రంలో లాగ్ పోయింది, ఎవరేం చేస్తారు, అనేవారు. పేరు చెడేది ఆడపడుచుకి, పరువు దక్కేది వదినకి. అలాంటిది ఆ ఫైలుని అంత పదిలంగా బయటికి లాగి, కాపీ తీయించి, రెండుసార్లు సరిచూపించి, తన మెడకి తనే తగిలించుకుంది. ఔరా వదినా! అన్నయ్య ఏం చూసి మురిసిపోయాడో మైకుకి ఇన్నాళ్ళకి తెలిసింది. కన్నవాళ్ళ మీద తప్ప ఇంకెవరి మీదా ఇంత గౌరవం ఆమెకి ఎప్పుడూ కలగలేదు. అది చెప్పడానికి నోట్లో మాట లేదు, ఆ నోట్లోనే!

పెద్దావిడ తేల్చేసింది. ఆపరేటర్ ఈ రోజు నుంచే తన కుర్చీలో కూర్చోవాలి. వదిన ఆ ప్రోగ్రామ్ జోలికి కొన్నాళ్ళు వెళ్ళకూడదు, ఆమె రాసిందంతా వేరేవాళ్ళు తనిఖీ చెయ్యాలి, పెద్దరికం ఉంటుందో లేదో ఆ తరవాత పైవాళ్ళు చెప్తారు. టిక్కుని మాత్రం ఇప్పుడే, అందరి ఎదుటా, దాని పాత చోటికి జరపాలి. జరిపారు. వదిన చెప్పింది, ఆయన టైపు చేశాడు, పైకి చదివాడు. తన జట్టు పెద్దరికం ఊడిపోయేలా ఉన్న ఆ వేళ కూడా వదిన ఒక కామా తప్పు పడితే పట్టుకుంది.

అంతా అయ్యాక, "ఒక అనుమతి కావాలండీ," అంది వదిన. "ఆ పెద్దాయన ఇంటివాళ్ళతో నేను మాట్లాడతాను."

"ఉత్తరం వెళ్తుందమ్మా ఆఫీసు నుంచి."

"వెళ్ళనివ్వండి. నేను కూడా మాట్లాడతాను."

వరండా చివర కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చేసింది. మైకు వెంటే వెళ్ళింది. "నేను చేస్తాను వదినా, అలాంటి ఫోన్లు నాకు అలవాటే," అంది. వదిన వద్దన్నట్టు తలూపింది. అవతల ఆ కూతురే ఎత్తింది. వదిన తనెవరో చెప్పింది, ఏం రాసిందో చెప్పింది, ఏం పెట్టడం మర్చిపోయిందో చెప్పింది, నాన్నగారికి జరిగిన నష్టం తనవల్లేనంది. అవతల నిప్పు రాజుకుంది. ఏం మనుషులు మీరు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా, ఆయన మంచం దిగలేకపోతున్నారు, మెట్లెక్కలేరట ఇక, మీకు నిద్రెలా పడుతోంది? ప్రతి మాటా పక్కన నిలబడ్డ మైకుకి వినిపిస్తూనే ఉంది. ఇవే మాటలు ఆ రోజు తన చెవిలో పడ్డాయి. వదిన ఫోన్ చెవి నుంచి దూరం పెట్టలేదు, మధ్యలో అడ్డు రాలేదు. "అవునండీ," అంటోంది. "అవునండీ." కళ్ళలోంచి నీళ్ళు గడ్డం దాకా వచ్చి జారుతున్నాయి. మైకు ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

తిట్టి తిట్టి ఆ కూతురు అలిసిపోయింది. కాసేపాగి, కాస్త తగ్గిన గొంతుతో అడిగింది. "ఇదంతా నాకెందుకు చెప్తున్నారు? మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదుగా?"

"ఆ రోజు మీరు తిట్టిన తిట్లు పొరపాటున వేరే మనిషికి చేరాయండీ," అంది వదిన. "అవి నావి. తీసుకుందామని ఫోన్ చేశాను."

మైకు ఇంక ఆపుకోలేకపోయింది. వదిన భుజం మీద తల వాల్చి భోరుమంది. ఆ ఏడుపుకి కాల్ సెంటర్ తలుపు తెరుచుకుని ఆపరేటర్లు తొంగిచూశారు, పై అంతస్తు నుంచి ఎవరో మెట్లు దిగి వచ్చారు, ఫోన్లో ఆ కూతురు "ఎవరండీ, ఎవరు ఏడుస్తున్నారు?" అని కంగారుగా అడిగింది.

"మా ఆడపడుచు," అంది వదిన.